రామతులసి చావు తేదీ

సూర్యకళ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. ఇంటి వంశవృక్షం పుస్తకంగా వేయించాలని పెదనాన్న భీమరాజు గారికి బుద్ధి పుట్టినప్పుడు, "ఈ పని నీ వల్లే అవుతుందమ్మా" అని ఆమెకే అప్పజెప్పారు. పంచాయతీల్లో జనన మరణాల రిజిస్టర్లు, ఆఫీసుల్లో పాత భూముల కాగితాలు ఓపిగ్గా తిరగేసింది. అందరూ దొరికారు గానీ, పెదనాన్న చెల్లెలు రామతులసి చావు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. పెళ్ళి కాకుండానే విషజ్వరంతో పోయిందని ఇంట్లో చెప్పుకునేవారు.

తనతో పనిచేసిన ఆశాజ్యోతి ఆ మాట విని కాసేపు నసిగింది.

"పోయారని ఎవరన్నారండి? మా చర్చి రిజిస్టర్లో ఉన్నారు కదా. వీరాస్వామి మాస్టారి భార్య. బాప్తిస్మం అయ్యాక సంపూర్ణమ్మ గారయ్యారు. ఇప్పుడు యానాంలో కొడుకు దగ్గరుంటున్నారు."

సూర్యకళ యానాం వెళ్ళింది. ఎనభై దాటిన మనిషి, మొహం అచ్చం నాన్నదే. మేనకోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి వదల్లేదు.

"అన్నయ్య పంపించాడా?"

కాదనడానికి సూర్యకళకి నోరు రాలేదు. "మీ పేరూ, మీ పిల్లల పేర్లూ అన్నీ పుస్తకంలో వస్తాయత్తయ్యా" అని మాటిచ్చి వచ్చింది.

భీమరాజు గారు ఆ పేర్లు రాసిన కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు.

"దానికి నా చేత్తో పిండం పెట్టి గోదాట్లో కలిపానమ్మా. ఇప్పుడు బతికుందని అచ్చేస్తే, నేను పెట్టింది ఎవరికంటావు?"

"బతికున్న మనిషికి పెట్టారా పెదనాన్నా?"

"మాకు బతికి లేదు."

కార్తీక వనభోజనాల్లో పుస్తకాలు పంచారు. రామతులసి పేరు పక్కన పెదనాన్న చెప్పిన చావు తేదీ ఉంది. అట్ట మీద, కూర్పు సూర్యకళ అని ఉంది.

పుస్తకం ఎప్పుడొస్తుందని యానాం నుంచి ఫోన్లు ఆగలేదు. చివరికి పుస్తకం పట్టుకెళ్ళక తప్పలేదు. సంపూర్ణమ్మ ఆ తేదీ మీద వేలు పెట్టింది.

"ఆ రోజు నా పెళ్ళి" అంది.

పుస్తకం మూసి అట్ట చూసింది. "నువ్వే రాశావా?"

సూర్యకళ లేచి వచ్చేస్తుంటే, కాఫీ తాగి వెళ్ళమని కూడా ఆవిడ అనలేదు.

పుష్యమాసంలో ఆవిడ పోయింది. సూర్యకళ పెదనాన్నకి ఫోన్ చేసింది. "మనకి మైల లేదమ్మా. ఆ స్నానాలు ఎప్పుడో చేసేశాం" అని ఆయన పెట్టేశారు.

సమాధుల దొడ్లో సూర్యకళ అందరి వెనకా నిలబడింది. గుప్పెడు మన్ను తీసుకుని ముందుకు వెళ్తే, కొడుకు విజయ్ పాల్ అడ్డం రాలేదు. పలకరించనూ లేదు.