సున్నం గుర్తులు

పొద్దు గుట్టెక్కక ముందే మునివెంకటప్ప సున్నం డబ్బా పట్టుకుని పనిలో దిగాడు. కార్వేటినగరం దాటాక వచ్చే ఆ బోడిగుట్టకు పన్నెండేళ్లుగా ఫారెస్టు వాళ్ల తరఫున అతనే కాపలా. మొక్క నాటాల్సిన చోటల్లా గుప్పెడు సున్నంతో గుండ్రంగా గీత గీస్తాడు. ఈసారి ఒక్క గీత కూడా కొత్త చోట పడలేదు. పోయినేడు నాటగా చచ్చిన మొక్కలను నేలమట్టానికి కోసేసి, సరిగ్గా వాటి మీదే గీశాడు. నడుం పట్టేసినా ఒక్కదాన్నీ వదల్లేదు.

పోయినేడు శ్రీ సిటీ నుంచి ఒక ఫ్యాక్టరీ వాళ్లు రెండు బస్సుల్లో వచ్చి, ఆకుపచ్చ టీషర్టులు తొడుక్కుని, ఒక్క పూటలో అడవి పెంచేసి వెళ్లారు. ఎవరు నాటిన మొక్కకు వాళ్ల పేరు. నర్సరీ నల్ల కవరు మీద ప్లాస్టిక్ చీటీ అంటించారు. పేరు చిరుగుతుందని కాబోలు, ఒక్కరూ కవరు చించలేదు. కవరుతోనే గుంతలో దించి మన్ను కప్పారు. ఆ సమయానికి మునివెంకటప్ప కింద బస్సులోంచి బిర్యానీ పొట్లాలు దించుతున్నాడు.

ఎండలు ముదిరేసరికి మొక్కలు వాడాయి. అతని భార్య దేవకమ్మ పాతచీర పేలికతో చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద కడవతో దిగువ బోరు నుంచి నీళ్లు మోసింది.

"ఒకదాన్ని పీకి సూస్తామా? ఏరు పట్టినట్టు లేదు," అని ఒకనాడు అడిగింది.

కంపెనీ మొక్కను ముట్టుకుంటే మాట వస్తుందని మునివెంకటప్పే కసిరాడు. మాట ఎలాగూ వచ్చింది. ఫ్యాక్టరీ మేనేజరు ధనశేఖర్ వచ్చి ఎండిన పుల్లలు చూసి, ఈమె నీళ్లు పోయకుండా నీడన కూర్చుందని పదిమంది ముందర అన్నాడు. దేవకమ్మ మరునాటి నుంచి మోత రెట్టింపు చేసింది. కత్తెర ఎండల్లో ఒక మధ్యాహ్నం గుట్ట నడుమ కూలబడింది, మళ్లీ లేవలేదు.

కర్మ అయ్యాక అతను ఒక మొక్క పీకి చూశాడు. కవరు లోపలే వేళ్లు చుట్టలు చుట్టుకుని ఎండిపోయాయి. మిగతావి పీకలేదు. వాళ్ల చేతే పీకించాలని పంటిబిగువున ఐదు నెలలు ఆగాడు.

పది గంటలకు బస్సులొచ్చాయి. చెన్నై నుంచి పెద్దసారు కూడా దిగాడు. కాపలా మనుషుల సోమరితనం వల్ల పోయినేటి మొక్కలు పోయాయని ధనశేఖర్ మైకులో చెప్పాడు. మునివెంకటప్ప లోపల ఉడికిపోతూనే చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత పారలు అందరికీ తనే అందించాడు. పెద్దసారుకు ముందువరసలో ఒక గుర్తు చూపించాడు.

మొదట పల్లవి అనే అమ్మాయి పారకు నల్ల కవరు తగిలింది. ఆ వెంటనే అటొకటి, ఇటొకటి. పెద్దసారు లాగిన కవరు మీద మన్ను దులిపితే ధనశేఖర్ పేరుంది. ఇదేమిటని ఆయన ధనశేఖర్‌ను అడిగాడు.

"మా దేవకమ్మ నీళ్లు పోసింది సార్. ఏరును బయటికి రానీకుండా సేసింది మీ కవరు. ఆ మాట ఈ మైకులోనే సెప్పండి," అన్నాడు మునివెంకటప్ప.

పెద్దసారు చూపుకు ధనశేఖర్ మైకు అందుకుని ఏదో గొణిగాడు.

"గుట్ట నడుమ దాకా వినపడల్లే. ఆమె పడిపోయింది ఆడనే."

రెండోసారి ధనశేఖర్ గట్టిగా చెప్పాడు. దేవకమ్మ నీళ్లు పోసిందనీ తప్పు తమదేననీ గుట్టంతా వినిపించింది. మునివెంకటప్ప కసి తీరింది. నల్లబడ్డ ఆ ముఖాన్ని ఇంకాసేపు చూడాలనిపించింది, చూశాడు.

గుట్ట నడుమ ఒక గుర్తును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పీకి చూద్దామా అని ఆమె అడిగింది ఆ మొక్క దగ్గరే. వద్దని కసిరింది ధనశేఖర్ కాదు. ఆ తప్పును ఎవరి చేత మైకులో చెప్పించాలో మునివెంకటప్పకు తెలియలేదు. తనే గుంత తవ్వి, కొత్త నేరేడు మొక్క కవరు చించి నాటాడు.

బస్సులు కదలకముందే కాపలా కర్రను ఫారెస్టు గార్డు చేతికిచ్చి, రేపటి నుంచి రానని చెప్పి గుట్ట దిగిపోయాడు. పైన నేరేడు మొక్క మొదట్లో, కడవ అడుగు ఒత్తుకుని అణిగిపోయిన చుట్టకుదురు ఉంది.