ఎడమ కాలి చదువు

రైలీన్ పొద్దున్నే పనికి బయల్దేరే ముందు షెడ్డులోకి వెళ్ళి, కొడుకు పికప్ బండి ముందద్దం తడిగుడ్డతో తుడుస్తుంది. ఎర్రమట్టి ఊరు, ఒక్కరాత్రికే అద్దం మీద దుమ్ము పొర పరుచుకుంటుంది. తర్వాత ఎడమవైపు కిటికీ అద్దం జానెడు దించుతుంది. మధ్యాహ్నానికి రేకుల కింద ఉడుకెత్తిపోతుంది మరి. లోపల బ్రోడీ బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. వాడి కాలరు సరిచేసి, వస్తానురా నాన్నా అని చెప్పి, తన చిన్న తెల్ల కారెక్కి రోడ్డు మీద హోటలుకి వెళ్ళిపోతుంది. లారీ డ్రైవర్లు దిగేసరికి అక్కడ గుడ్లూ పంది మాంసం రొట్టెలూ సిద్ధంగా ఉండాలి.

బ్రోడీ గోధుమ కోతల్లో పోయాడు. పొలంలో తిరిగే నాలుగు చక్రాల మోటారు సైకిలు వాగు గట్టు మీద తిరగబడి మీద పడింది. ఇరవై రెండేళ్ళవాడు. పూడ్చిపెట్టి వచ్చిన రెండు మూడు రోజులకి షెడ్డులో, తన బండిలోనే, డ్రైవరు పక్క సీట్లో కనిపించాడు. శవపేటికలో పెట్టేటప్పుడు తొడిగిన నీలం చొక్కా అలాగే ఉంది.

నారలింగ్ ఊళ్ళో చనిపోయినవాళ్ళు అంతే. ఎవరి బండిలో వాళ్ళు వచ్చి కూర్చుంటారు. రక్తం పంచుకున్నవాళ్ళో, పెళ్ళితో ముడిపడ్డవాళ్ళో ఆ బండిని దక్షిణాన సముద్రం దాకా నడిపి దింపి రావాలి. పరాయివాడు స్టీరింగు పట్టుకుంటే ఇంజను పలకదు. మాంసం కొట్టు డగ్లస్ తన వ్యానులో కూర్చున్నాడు. ముసలి ఎడ్నాకి కారు లేదు, ట్రాక్టరెక్కి కూర్చుంది. మనవరాలు నిదానంగా నడుపుకుంటూ పోతే వెనక లారీలు మైలు పొడుగున బారులు తీరాయిగాని ఒక్కడూ హారన్ కొట్టలేదు.

రైలీన్‌కి వచ్చిన చిక్కల్లా, బ్రోడీది గేర్ల బండి. ఆమెకి గేర్లు రావు. బ్రోడీ తండ్రి పిల్లవాడు పాకే వయసులోనే ఉత్తరాన గనుల్లోకి వెళ్ళి మళ్ళీ ఇటు తిరిగి చూడలేదు. వాడికి ఉన్నదల్లా ఈవిడే, ఈవిడకి ఉన్నదల్లా వాడే.

వాడు బతికుండగా ఒకసారి నేర్పబోయాడు. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ బండి కప్పలా గెంతింది. వాడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఈవిడకి ఉక్రోషం వచ్చి బండి అక్కడే వదిలేసి ఇంటికి నడక మొదలుపెట్టింది. వాడు ఫస్టు గేర్లో పక్కనే నడుపుకుంటూ వచ్చాడు. "ఎక్కమ్మా, ఇంక నవ్వను, ఒట్టు," అంటూనే నవ్వుతూ ఇంటిదాకా వచ్చాడు. ఈవిడ మాత్రం ఎక్కలేదు.

ఇప్పుడు నేర్పడానికి జాయిస్ ముందుకొచ్చింది. జాయిస్ ఊరి స్కూలు బస్సు నడిపే మనిషి, డెబ్బయ్యికి దగ్గరపడింది, పొలం అవతల ఇల్లు. పక్క సీట్లో బ్రోడీ ఉన్నాడు గనక ఆవిడ వెనక తొట్టిలో పాలడబ్బాల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది. చేతికర్రతో క్యాబిన్ పైకప్పు మీద కొడుతూ పాఠం చెప్పింది. ఒక దెబ్బకి క్లచ్ తొక్కాలి, రెండు దెబ్బలకి గేరు మార్చాలి. అంబులెన్సు విమానం దిగే మట్టి మైదానం ఊరి చివర ఖాళీగా ఉంటుంది, అక్కడికి తీసుకుపోయింది. అక్కడిదాకా బండి ఎలా చేరిందంటే, అది వేరే కథ. ఒక కంచె స్తంభం ఇప్పటికీ ఒరిగే ఉంది.

"క్లచ్ ఒక్కసారిగా వదలకు పిల్లా. మెల్లగా లేపుతుంటే ఒకచోట బండికి ఒళ్ళు జలదరిస్తుంది. అది హాఫ్ క్లచ్. అక్కడ కాలు ఆపి, కాస్త పెట్రోలు ఇయ్యి. నిద్రపోతున్న గొడ్డుని లేపినట్టు లేపాలి, తన్ని కాదు," అని వెనక కిటికీలోంచి అరిచేది జాయిస్.

రైలీన్ వదిలేది. బండి ఎగిరి ఆగిపోయేది. బ్రోడీ తల ముందుకి ఊగి వెనక్కి వచ్చేది. చనిపోయినవాళ్ళు మాట్లాడరు, తినరు, పక్కకి చూడరు, ఎదురుగా రోడ్డుకేసే చూస్తూ కూర్చుంటారు. అయినా ప్రతిసారీ రైలీన్ వాడికి సారీ చెప్పేది.

ఎండలు ముదిరాయి. ఒకనాడు సెకండు నుంచి థర్డుకి వేయబోతూ తలదించి చూసింది, రోడ్డు చూడకుండా కాళ్ళకేసి చూడడం ఆమెకి అలవాటైపోయింది. అప్పుడు కనిపించింది. బ్రోడీ ఎడమ కాలు అడుగున ఉన్న రబ్బరు పట్టాని నొక్కుతోంది. ఇంజను గొంతు పెరిగి, గేరు మార్చాల్సిన క్షణానికి సరిగ్గా నొక్కి, మెల్లగా, కోడిపెట్ట గుడ్ల మీంచి లేచినంత మెల్లగా పైకి లేస్తోంది. జాయిస్ కర్ర కంటే ముందే నొక్కుతోంది.

రైలీన్ తన కాలిని వాడి కాలితో కలిపింది. గేరు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. వెనక జాయిస్ కొట్టబోయిన కర్ర గాల్లోనే ఆగింది.

ఆ వారంలోనే ఆమెకి బండి నడపడం వచ్చేసింది. వచ్చేసిందని తెలిసిన మరుక్షణం ఇంజను కట్టేసింది. రావడమంటే బయల్దేరడం. బయల్దేరడమంటే సముద్రం.

మర్నాడు జాయిస్ తొట్టిలో కూర్చోగానే రైలీన్ క్లచ్ టక్కున వదిలేసింది. బండి గెంతి ఆగింది. నావల్ల కావడం లేదు జాయిస్ అంది. అప్పటినుంచి అదే తంతు. శనివారాలు జాయిస్ ముందు బండి కప్పలా గెంతేది. మిగతా పొద్దుల్లో, హోటలుకి వెళ్ళే ముందు, రైలీన్ ఒక్కతే కొడుకుని ఎక్కించుకుని మట్టి మైదానం మీద ఈ చివరనుంచి ఆ చివరకి నడిపేది. నాలుగో గేరు పడ్డాక కిటికీలు దించేది. గాలికి వాడి జుట్టు లేచేది. హోటల్లో ఎవరు ఏమన్నారో, వాగు పక్క కంగారూలు ఎన్ని వచ్చాయో, అన్నీ చెప్పేది. బతికున్నప్పుడు వాడు ఇంత సేపు ఒకచోట కూర్చుని ఆమె మాటలు విన్నది లేదు.

ఊళ్ళోవాళ్ళు ఇంకా ఎన్నాళ్ళని అడిగేవారు. గేర్లు రావడం లేదని చెప్పేది. వాళ్ళు తలలూపేవారు. పెట్రోలు బంకుదాకా బండిని కావాలనే గెంతిస్తూ పోయేది, అక్కడ ఎదురైనవాళ్ళు బ్రోడీకి టోపీ ఎత్తి పలకరించి పోయేవారు.

ఎండాకాలం వెళ్ళి చలిగాలి మొదలైంది. ఒక పొద్దున కాలరు సరిచేస్తుంటే వాడి మెడలోంచి వెనకనున్న సీటు చారలు కనిపించాయి. దుమ్మేమోనని తుడిచింది. దుమ్ము కాదు.

ఆ మధ్యాహ్నం హోటల్లో ఆమె చిప్స్ మాడబెట్టింది. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మారిస్ రోజూ అదే వేళకి వచ్చి కిటికీ పక్కన కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటాడు. మాడిన వాసనకి తలెత్తి ఆమె మొహం చూశాడు. లేచి కౌంటరు దగ్గరకొచ్చాడు.

"సీటు కనిపిస్తోందా?" అని అడిగాడు.

ఆమె తలూపింది.

"మా ఆవిడ లోర్నాని నేను పంపలేదు. నీకు తెలుసుగా. రోజూ టీ తీసుకెళ్ళి కార్లో పక్కన కూర్చునేవాణ్ణి. మొదట చేతులు వెలిశాయి, ఎండకి కర్టెను వెలిసినట్టు. మెల్లగా వెలిస్తే అలవాటైపోతుంది రైలీన్, రోజూ చూసేవాడికి తెలియదు. ఒకరోజు టీ పట్టుకెళితే బెల్టు పెట్టినట్టే ఉంది, మనిషి లేదు. సముద్రం చూడకుండా పోయింది. ఎక్కడికి పోయిందో నాకు తెలియదు." చిల్లర లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టి, "నాకు కారు నడపడం రాక కాదు," అన్నాడు.

పని ముగించుకుని రైలీన్ పొలానికి అడ్డంపడి జాయిస్ ఇంటికి వెళ్ళింది. రేపు వెళ్తున్నానని చెప్పింది. జాయిస్ ఆశ్చర్యపోలేదు. కుర్చీ జరిపి టీ పోసింది.

"పొద్దున్నే నీ గేర్లు నా వంటింట్లోకి వినిపిస్తాయి పిల్లా. థర్డు నుంచి ఫోర్తుకి నేనే అంత నున్నగా వెయ్యలేను. శనివారం నా నడుము విరగ్గొడతావు."

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"రానిదాన్ని తిట్టొచ్చు. వచ్చి కూడా రానట్టుండేదాన్ని ఏమనను?" అని జాయిస్ ఆమె కప్పులో ఇంకాస్త టీ పోసింది. "నాకు పిల్లల్లేరు. ఉంటే ఇంకా ఎక్కువ కంచెలు కూల్చేదాన్ని."

మర్నాడు బయల్దేరింది. గోధుమ కొయ్యకాళ్ళు మిగిలిన పొలాల మధ్య రోడ్డు తాడు లాగినట్టు ఉంది. ఉప్పు మడుగులు, ధాన్యం గోదాములు, మూసేసిన రైలు స్టేషన్లు దాటాయి. ఎదురొచ్చే లారీవాళ్ళు పక్క సీటు చూసి స్టీరింగు మీద వేలెత్తి పలకరించారు. మొదట్లో ఆమె మాట్లాడుతూనే ఉంది. చిన్నప్పుడు వాడికి పొంగు పోసిన సంగతి, బడిలో పన్ను ఊడిన సంగతి. పోనుపోను మాటలు అయిపోయాయి. ఇద్దరూ రోడ్డు చూస్తూ కూర్చున్నారు. గేరు మార్చాల్సినప్పుడల్లా రెండు ఎడమ కాళ్ళు కలిసి దిగి కలిసి లేచాయి.

కొండ ఎక్కి మలుపు తిరగ్గానే సముద్రం కనిపించింది. అక్కడినుంచి దారి ఏటవాలుగా దిగుతుంది. బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోకుండా గేర్లు తగ్గించుకుంటూ దిగాలి. ఆమె ఫోర్తు నుంచి థర్డుకి దించింది. వాడి కాలూ నొక్కింది. రెండో మలుపు ఇంకా నిటారుగా ఉంది. ఇంజను గర్జిస్తోంది, సెకండుకి దించాలి. ఆమె వాడి కాలు కోసం చూసింది.

కాలు కదల్లేదు. పట్టా మీంచి తీసి, మడమ మీద మడమ వేసుకుని, ప్రయాణం చేసేవాడిలా కూర్చున్నాడు.

చూస్తూ ఉండడానికి వేళ లేదు. ఆమె క్లచ్ తొక్కి సెకండు వేసి మెల్లగా వదిలింది. బండి వేగం తగ్గించుకుని దిగింది. కళ్ళలో నీళ్ళు నిండి రోడ్డు రెండుగా కనిపిస్తున్నా, మిగిలిన మలుపులన్నీ ఒక్కతే దింపింది.

ఇసుక దగ్గర కార్లు నిలిపే చోట ఆపింది. ఆపింది గాని ఇంజను కట్టెయ్యలేదు. ఫస్టు గేరులోనే ఉంచి క్లచ్ అదిమిపట్టి కూర్చుంది.

"ఇంకాసేపు కూర్చో నాన్నా. ఇంజను ఆపలేదుగా, ఇంకా చేరనట్టే," అంది.

అలా ఎంతసేపు కూర్చుందో. ఎడమ కాలు నొప్పెట్టి, తర్వాత తిమ్మిరెక్కి, గడగడా వణకడం మొదలుపెట్టింది. వదిలితే బండి గెంతుతుంది. తియ్యడానికి మనసొప్పదు. అప్పుడు బ్రోడీ తల తిప్పాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి పక్కకి చూశాడు. వణుకుతున్న ఆమె మోకాలిని చూశాడు. చెయ్యి చాపి గేరు రాడ్ పట్టుకుని న్యూట్రల్‌లోకి తెచ్చాడు.

ఇప్పుడు ఆమె కాలు తీసినా ఏమీ కాదు. తీసింది.

వాడు బెల్టు విప్పుకుని దిగాడు. తలుపు ఎప్పుడూ గట్టిగా వేసే పిల్లాడు, మెల్లగా వేశాడు. ఇసుకలో బూట్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. నీళ్ళలోకి మోకాళ్ళదాకా, నడుందాకా నడిచాడు. నీలం చొక్కా గాలి పట్టి ఒకసారి ఉబ్బింది. తర్వాత అక్కడ నీళ్ళే ఉన్నాయి.

ఆమె దిగి బూట్లు తీసుకుంది. వాటిని ఒళ్ళో పెట్టుకుని, అలలు చూస్తూ చాలాసేపు ఉంది.

తిరిగి రోడ్డెక్కాలంటే నిటారు ఎత్తు. సగంలో బండి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే వెనక్కి జారింది. వెనక పడవని లాక్కొస్తున్న కారొకటి ఆగి ఉంది. అందులోంచి ఒకాయన దిగి వచ్చి కిటికీలోంచి చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం, ఖాళీ పక్క సీటు, ఒళ్ళో బూట్లు. నెమ్మదిగా, నేను పైదాకా ఎక్కించి ఇవ్వనా అమ్మా అని అడిగాడు.

"వద్దు. నాకు వచ్చు," అంది రైలీన్.

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. అన్నాక ఇంకో దుఃఖం ముంచుకొచ్చింది. అది తగ్గేదాకా ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆమె హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ లేపుకుంటూ, బండి ముక్కు జలదరించే చోటికి తెచ్చి, బ్రేకు వదిలింది. బండి ఎక్కింది.

ఆ చలికాలం జాయిస్ కళ్ళలో పొరలు ముదిరి బస్సు దిగిపోయింది. పాత గేర్ల బస్సు, జిల్లా మొత్తం వెతికినా నడిపేవాళ్ళు దొరకలేదు. రైలీన్ పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుని హోటలు మానేసింది. ఇప్పుడు సాయంత్రాలు పొలాల వెంట పిల్లల్ని దింపుకుంటూ పోతుంది. నడపడం బాగా నడుపుతుందిగాని ఆలస్యం చేస్తుందని ఊళ్ళో మాట. ఒక్కొక్క గేటు దగ్గర ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, దిగిన పిల్ల పెరడు దాటి, తలుపు తీసుకుని లోపలికి పోయేదాకా చూస్తూ కూర్చుంటుంది. వెనక పిల్లలు పోనియ్యమని గోల చేస్తారు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాకే ఆమె ఎడమ కాలు కదులుతుంది.