రెండిళ్ళ మధ్య కుట్టుమిషను

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినబడేది కుట్టుమిషను చప్పుడు. అత్తగారి కాలం నాటి మిషను అది. పెద్దకోడలు దానిమీద గుడ్డకి పువ్వులూ తీగలూ ఎంబ్రాయిడరీ చేసేది. చిన్నకోడలు అదే గుడ్డకి దూదీ అస్తరూ జతచేసి బొంత కుట్టేది. ఊళ్ళో ఎవరింట పసిబిడ్డ పుట్టినా ఊయల బొంత వీళ్ళ దగ్గర్నుంచే వెళ్ళాలి. అన్నదమ్ములవి ఒకే గోడ పంచుకున్న రెండిళ్ళు. చిన్నవాడిది వీధిలో ఆఖరిది. కోడళ్ళు మాత్రం రోజంతా పెద్దవాడి ఇంట్లో ఒకే గదిలో, ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ గడిపేవారు.

ఒకరోజు మిషను పాడైంది. మెకానిక్ దాన్ని విప్పి చూసి, "దీన్నింక విశ్రాంతి తీసుకోనివ్వండమ్మా" అన్నాడు.

కొత్తది కొనాలి. పెద్దకోడలు ఎంబ్రాయిడరీ మిషనంది. చిన్నకోడలు బొంతల మిషనంది. మాటా మాటా పెరిగింది.

"బొంతకేముంది, చేత్తో నాలుగు టాకాలేస్తే సరి," అనేసింది పెద్దది.

"నీ పువ్వులు కప్పుకుంటే చలి ఆగుతుందా అక్కా?" అని, చిన్నది తన కత్తెర తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటికి ఉమ్మడి గోడ ఇటుకలు చెరిసగం పంచుకుని నిలువునా చీలింది. రెండిళ్ళ మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. వారం తిరక్కుండా అందులో పిల్లి దూరింది, ఆ తర్వాత పాలవాడి సైకిలు దూరింది. చిన్నవాడి ఇల్లు మెల్లగా వీధి మలుపు వైపు జరుగుతోంది. అన్నదమ్ములు నోరు మెదపకుండా కరెంటు తీగకీ నీళ్ళ గొట్టానికీ ముక్కలు అతికించుకుంటూ పోయారు. పొద్దున ఒకచోట, సాయంత్రం ఒకచోట తినే అత్తగారు మాత్రం, "ఇద్దరూ కలిసి నా మోకాళ్ళమీద పగబట్టారే!" అని సణిగేది. వెనకవీధిలో ఇలాగే ఒకిల్లు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. వాళ్ళకొచ్చే ఉత్తరాలు ఇప్పటికీ పోస్ట్‌మాన్ సంచిలోనే ఉన్నాయి.

చిన్నదాని గుమ్మం మలుపుకి దగ్గరపడటం చూసి, పెద్దకోడలు నడుం బిగించి మిషన్ల షాపుకి బయల్దేరింది.

"పువ్వులూ కుట్టాలి, బొంతా కుట్టాలి. మిషను ఒక్కటే ఉండాలి," అంది షాపతనితో.

అతను ముందు మెరిసిపోయేదొకటి చూపించాడు. అందులో ఉన్నన్ని పువ్వులు తోటలో కూడా ఉండవు. ఆవిడ మనసంతా దానిమీదే పడింది. కానీ సంచిలోంచి సగం కుట్టిన బొంత తీసి చుట్టి పెడితే, ఆ చుట్ట లోపలికి పట్టక ఇరుక్కుపోయింది. రెండో మిషను సూది కింద పరుపైనా దూరుతుంది. దానికి ఎంబ్రాయిడరీ రింగే లేదు.

"రెండు మిషన్లు కొనుక్కోండమ్మా, గొడవ వదిలిపోతుంది."

"గొడవ కాదయ్యా, మనిషే వదిలిపోతుంది. ఇంకోటి చూపించు."

మూల అలమరలోంచి మూడోది దించాడు. చూడ్డానికి సాదాసీదాగా ఉంది. రింగు భాగం పువ్వులకి తగిలించుకుని, బొంతకి తీసేయొచ్చు. పువ్వు చక్కగా వచ్చింది. బొంత మాత్రం పొరలు తలో దిక్కుకీ జారి ముడతలు పడింది. అది మిషను తప్పో తన చేతి తప్పో ఆవిడకి అంతుపట్టలేదు. ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని, చిన్నది ఆ పొరల్ని కదలకుండా ఎలా పట్టుకునేదో ఒక్కసారీ చూడలేదు.

"దీన్నెవరికీ అమ్మకు, మళ్ళీ వస్తా," అని చెప్పి తిన్నగా చిన్నదానింటికి నడిచింది. సందులో అప్పటికి లారీ పట్టేంత చోటుంది.

చిన్నకోడలు తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రేపు నాతో షాపుకి రా. బొంత సంగతి నాకు తెలీదు."

"నాలుగు టాకాలేగా?"

"నోరు జారాను. అది టాకాల పని కాదు. రా."

"నాకిక్కడ పని లేదనుకున్నావా?"

"రేపు కుదరకపోతే ఎల్లుండి అడుగుతాను. మీ ఇల్లు ఎంత దూరం పోతే అంత దూరం నడిచొచ్చి అడుగుతాను. నా కాళ్ళు బాగానే ఉన్నాయి."

చిన్నదానికి నవ్వొచ్చింది, ఆపుకుంది. "నీ పువ్వుల మిషనుకి నన్ను తలూపమంటే మాత్రం ఊపను."

మర్నాడు షాపులో చిన్నకోడలు మూడోదాని ముందు కూర్చుని, గుడ్డని లాగే పళ్ళు కిందికి దిగుతాయో లేదో చూసింది. "పై పొరని కూడా లాగే పాదం ఉంటుంది, అది తెండి," అంది. షాపతను డబ్బాలో వెతికి తెచ్చాడు. అది బిగించి, ఇంటినుంచి తెచ్చిన నిండు బొంతని చుట్టచుట్టి లోపలికి తోసి, ఆ చివరిదాకా ఆగకుండా కుట్టింది. ఒక్క ముడత లేదు. పెద్దకోడలు ఈసారి కళ్ళార్పకుండా ఆ చేతుల్నే చూసింది.

"ఇందులో పువ్వులు తక్కువేనక్కా," అంది చిన్నది, మెల్లగా.

"ఉన్నవి చాల్లే. లేనివి నేను చేత్తో వేస్తాను."

బండివాళ్ళు మిషను తెచ్చి, రెండిళ్ళ మధ్య సందులో ఆగి, "ఏ ఇంట్లో దించమంటారు?" అన్నారు. ఇద్దరూ ఏ ఇంటివైపూ చూడలేదు. కాళ్ళకింద నేల చూసుకున్నారు.

"ఇక్కడే," అంది పెద్దది. చిన్నది లోపలికెళ్ళి బల్ల తెచ్చింది.

ఆ రోజునుంచి ఇల్లు జరగడం ఆగింది. వెనక్కి మాత్రం రాలేదు. వస్తుందేమోనని అన్నదమ్ములు కొన్నాళ్ళు చూశారు. రాకపోయేసరికి రెండు గోడలమీదా దూలాలేసి కప్పు కట్టారు. అత్తగారు తన కుర్చీ అక్కడే వేయించుకుని, రెండు పూటలా భోజనం అక్కడికే తెప్పించుకుంది. బొంతలకోసం వచ్చేవాళ్ళు గుమ్మం బయట వరసకట్టి నిలబడే రోజులొచ్చాయి.

జరిగిన ఇళ్ళ మధ్య జాగాలు కొలిచే ఉద్యోగి ఒకాయన వచ్చాడు. గొలుసు పరిచి, పటం విప్పి, "అటు చిన్నాయనది, ఇటు పెద్దాయనది. ఈ మధ్యది మీ తాతముత్తాతలెవరిదీ కాదు. వాడుకుంటున్నవాళ్ళ పేర్న రాయాలి. ఎవరు?" అన్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే గొంతు సవరించుకున్నారు.

"కళ్ళెదురుగా కూర్చున్నారు కదయ్యా," అంది అత్తగారు.

"వీళ్ళా? వీళ్ళ పేర్లు?"

"పెద్దకోడలు, చిన్నకోడలు."

"అలా రాయడం కుదరదమ్మా."

పెద్దకోడలు మిషను ఆపింది. చిన్నకోడలు దారం తెంపింది. ఇద్దరూ లేచి ఆయన దగ్గరికెళ్ళి, ఒకరి తర్వాత ఒకరు, అక్షరం పొల్లుపోకుండా తమ పేర్లు చెప్పారు.