వెనకనుంచే తెరుచుకునే బండి

ఉమేష్ కొత్త బండి ఓడ దిగి జంగ్లీఘాట్ రేవు చేరేసరికి మంగళవారం మధ్యాహ్నం అయింది. సాయంత్రానికి దానికి పేరు పెట్టేశారు. ఇస్త్రీపెట్టె.

దాని ముక్కు కోసుగా ఉంటుంది. కేబిన్ పైనుంచి ఒక రేకు వాలుతూ తొట్టి చివరిదాకా వస్తుంది. మీట నొక్కితే ఆ రేకు చుట్టుకుపోతుంది. తొట్టి గోడలు కేబిన్ దగ్గర మనిషి భుజాల ఎత్తు, చివర నడుము ఎత్తు. రంగు వెయ్యలేదు, ఉత్త ఉక్కు. బ్యాటరీ అడుగున ఉంది. తొట్టికి తలుపు ఒకటే, వెనక.

"ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటాదో చూడాల," అన్నాడు టీకొట్టు శివాజీ.

"స్టీలు భయ్యా. తుప్పు పట్టదు," అన్నాడు ఉమేష్.

"మా ఇంట్లో స్టీలు గిన్నెకి పట్టింది మరి."

మెకానిక్ వీరేంద్ర బండి కింద దూరి చూసి లేచాడు. "కరెంటు బండి అంటన్నావు. మన దీవిలో కరెంటు దేంతో తీస్తన్నారు? డీజిల్‌తో. నీ డీజిల్ పవర్‌హౌస్‌లో కాలుద్ది. ఇత్నా హీ ఫరక్, అంతే తేడా."

అందరూ నవ్వారు. ఉమేష్ కూడా నవ్వాడు. బండి కొనకముందు ఆరు నెలలు వీళ్లందర్నీ అడిగాడు. చాతం జెట్టీ దగ్గర లారీ డ్రైవర్లని అడిగాడు. ఒక్క చార్జింగ్‌తో హోప్ టౌన్‌కి మూడుసార్లు వెళ్లి రావచ్చు. ఎనిమిది వందల కిలోలు మోస్తుంది. తన బండిలో చేపలు ఏ రోజూ నాలుగు వందల కిలోలు దాటలేదు. లెక్కలో తప్పు లేదు.

ఉమేష్ పని ఇది. పొద్దున్నే రేవులో వేలం అవుతుంది. తొమ్మిదిమంది ఆడవాళ్లు చేపలు పాడుకుని గంపల్లో ఐసు వేసుకుంటారు. ఉమేష్ ఆ గంపల్ని చాతంలో బళ్లని మోసే వెహికల్ ఫెర్రీ ఎక్కించి, అవతల బంబూఫ్లాట్‌లో దించి హోప్ టౌన్ దాకా తీసుకెళతాడు. గంపలతో పాటు మనుషులూ ఎక్కుతారు. ఎవరి గంప వాళ్ల దగ్గరే ఉండాలి, మనిషి లేకుండా గంప కదలదు. సరుకుల బండిలో మనుషులు ఎక్కకూడదని పోలీసులకు తెలుసు, ఆడవాళ్లకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నారు.

పాత బండికి మూడు వైపులా తలుపులు కిందికి పడేవి. ఎవరి ఊరు వస్తే వాళ్లు పక్కనుంచి దిగి, ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునేవారు. అడుగు రేకు తుప్పుపట్టి ఊడిపోవడంతో ఉమేష్ ఆ బండిని తుక్కుకి ఇచ్చేశాడు. పర్మిట్ కొత్త బండి మీదికి మారింది.

బుధవారం తొమ్మిదిమందిలో చిన్నమ్మికి వేలం ముందుగా ముగిసింది. ఆమే ముందు ఎక్కింది, లోపలి చివరికి వెళ్లి కూర్చుంది. ఆమె దిగాల్సింది ఫెర్రీ దాటాక మొదటి మలుపు దగ్గర.

"భయ్యా, ఆపు. నాను దిగాల."

ఆమె దిగాలంటే మిగతా ఎనిమిదిమంది దిగాలి. వాళ్ల గంపలు దించాలి. దించారు. మళ్లీ ఎక్కించారు. తర్వాతి మలుపు దగ్గరా అంతే.

"రేపు గోడ దూకెయ్యే చిన్నమ్మీ!" అని లోపలినుంచి ఎవరో అన్నారు.

"నువ్వు దూకి సూపించు ముందు," అంది చిన్నమ్మి రోడ్డు మీదినుంచి.

హోప్ టౌన్ చివరికి ఏడు గంటలకు చేరాల్సిన బండి ఎనిమిదికి చేరింది. ఎనిమిది దాటితే ఇళ్లలో కూర పొయ్యి మీద ఉంటుంది. చివర దిగే గవరమ్మ సగం గంప వెనక్కి తెచ్చుకుంది. ఆమె ఉమేష్‌కి మేనత్త. అరవై మూడేళ్లు. మిగతా ఎనిమిదిమందినీ అతని బండికి కుదిర్చింది ఆమే.

గురువారం ఉమేష్ ఒక పద్ధతి చెప్పాడు. చివర దిగేవాళ్లు ముందు ఎక్కాలి. గవరమ్మ పాట ఆలస్యమైంది. ఎనిమిదిమంది గంపలతో నిలబడ్డారు. ఐసు కరిగి కాళ్ల మీదికి కారింది. చాతం వెళ్లేసరికి ఫెర్రీ వెళ్లిపోయింది.

"వేలం నీ బండి కోసం ఆగుద్దేటిరా?" అంది గవరమ్మ.

మధ్యాహ్నం అతను బండిని వీరేంద్ర దగ్గరికి తోలాడు. పక్క గోడలు కోసి మడతబందులతో తలుపులు పెట్టమన్నాడు. వీరేంద్ర గోడ మీద గుద్ది చూశాడు.

"దీనికి కింద విడిగా ఛాసిస్ చట్రం లేదు ఉమేష్. ఈ గోడలే ఛాసిస్. కోస్తే నడిమికి విరుగుద్ది."

"రెండడుగులు చాలు."

"రెండంగుళాలు కోసినా అంతే." వీరేంద్ర చేతులు తుడుచుకున్నాడు. "ఊరందర్నీ అడిగావు. ఎక్కేవాళ్లని అడిగావా?"

"అత్తకి ఫోటో చూపించాను. బాగుందంది."

"ఏ ఫోటో?"

"ముందునుంచి తీసింది."

శుక్రవారం ఎనిమిదిమంది రేవులో ఇంకో బండి తోలే నూకన్న దగ్గర ఎక్కారు. అతనిది పద్నాలుగేళ్ల డీజిల్ బండి, పక్క తలుపులున్నది. చిన్నమ్మి పక్క తలుపు మీద చెయ్యి పెట్టి, "ఏటీ అనుకోకు భయ్యా," అంది. నూకన్న ఉమేష్ వైపు చూడకుండా బండి తీశాడు.

గవరమ్మ ఒక్కతే ఉమేష్ బండి దగ్గరికి వచ్చింది. గంప వెనక పెట్టించి కేబిన్‌లో కూర్చుంది.

"సీటు బాగుందిరా," అంది ఆమె బంబూఫ్లాట్ దాటాక. "సప్పుడే లేదు."

"అవును అత్తా."

"మీ మావయ్యుంటే నవ్వేవోడు."

హోప్ టౌన్ చివరి మలుపు దగ్గర అతను ఆపాడు. ఏడు కాలేదు. వెనక తలుపు తీశాడు. ఫెర్రీ దిగుతున్నప్పుడు గంప జారి కేబిన్ గోడకు ఆనుకుంది. చెయ్యి అందలేదు. పైనుంచి అందుకుందామని రేకు చుట్టే మీట నొక్కాడు. రేకు జానెడు కదిలి ఆగిపోయింది. అతను మోకాళ్ల మీద లోపలికి పాకాడు. లోపల చేపల నీళ్లు నిలిచి ఉన్నాయి.

"ఉమేషూ," అంది గవరమ్మ తలుపు దగ్గర నిలబడి.

"ఆఁ."

"నూకన్నతో మాటాడినాను. రేపట్నుంచి ఆడి బండిలో నాకూ చోటుంది."

అతను గంప అంచు పట్టుకున్నాడు. తిరగడానికి లోపల చోటు లేదు. గంపను లాక్కుంటూ వెనక్కి పాకడం మొదలుపెట్టాడు.

"ఇన్నావా?"

"విన్నాను అత్తా. జరుగు. కాలు తగులుద్ది."