పాలిచ్చిన తల్లి నంబరు

వరద నీళ్లు ఏడో మెట్టు దాకా వచ్చి ఆగిన ఏడు అందరికీ గుర్తే. ఇది దాని తర్వాత మూడో ఏడు.

అందరూ బోన్లాయన అని పిలిచే మనిషి పొద్దున ఆరింటికి పరిశోధనశాలలో ఎలుకల గది తాళం తీశాడు. లైటు వెయ్యలేదు. గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు దగ్గాడు. వచ్చింది తనేనని వాటికి తెలియాలి. తెలియకుండా లైటు వేస్తే రెండు వందల పద్నాలుగు ప్రాణాలు ఒక్కసారి ఉలిక్కిపడతాయి. బెదిరిన తల్లి పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. ముప్ఫై ఏళ్ల నుంచీ అదే దగ్గు. రొంప లేకపోయినా దగ్గాల్సిందే.

లోపల గరగరమని కదలిక మొదలయ్యాక అప్పుడు లైటు వేశాడు.

పొట్టి మనిషి. వేసుకున్న కోటు మోకాళ్లు దాటి వేలాడుతుంది. అది అతనికి ముందు ఇక్కడ పనిచేసిన ముసలాయనది, ఆయన పొడుగు. అతని చేతులు చూస్తే ఎవరైనా ఏదో జబ్బనుకుంటారు. బోన్లు కడిగే మందునీళ్లలో నానీ నానీ వేళ్ల కొసలు తెల్లగా, ఉడికినట్టు ఉంటాయి. ఎడమ బొటనవేలి మీద పంటిగాట్లు పదకొండు. అన్నీ మొదటి ఏడాదివే. తర్వాత ఏదీ కరవలేదు. కరవాల్సిన పని లేకుండా పట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఒక్కో బోను దించి, అడుగున తడిసిన రంపపు పొట్టు తీసి, కొత్త పొట్టు పోశాడు. పాత పొట్టు ఒక గుప్పెడు మళ్లీ మూలన వేశాడు. అంతా కొత్తదైతే తమ ఇల్లు కాదనుకుని కంగారు పడతాయి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ముసలాయన చెప్పాడు. ముసలాయన ఇంకొకటి కూడా చెప్పాడు. తల్లి చచ్చిపోతేనో, తన పిల్లల్నే కొరుక్కు తినడం మొదలుపెడితేనో, మిగిలిన పిల్లల్ని తీసి ఇంకో బాలింత బోనులో పెట్టాలి. ఊరికే పెడితే చంపేస్తుంది. ఆ బాలింత కింది పొట్టు తీసి పిల్లల ఒళ్లంతా రుద్దాలి. వాసన చూస్తుంది. ఒకసారి నాకుతుంది. పొట్ట కిందకి లాక్కుంటుంది. ఇక అంతే. లోకంలో ఎవరూ ఆ పిల్లల్ని వేరు చెయ్యలేరు.

ప్రతి బోనుకీ ఒక కార్డు ఉంటుంది. నంబరు, పుట్టిన తేదీ, తల్లి నంబరు. బోన్లాయన అక్షరాలంటే జంకుతాడు గానీ అంకెలు గుండ్రంగా, అచ్చు వేసినట్టు రాస్తాడు. తల్లి నంబరు దగ్గర ఒక్క గడే ఉంది. అలా పెట్టిన పిల్లలకి పాలిచ్చిన తల్లి నంబరు రాసేవాడు. పాలిచ్చింది తల్లి కాకపోతే ఇంకెవరు?

ఎనిమిదింటికి గేటాయన టీ పట్టుకుని వచ్చాడు. లోపలికి రాడు, కంపు అంటాడు. గుమ్మంలోంచే గ్లాసు అందించాడు.

"ఇవాళ పెద్దవాళ్లొస్తున్నారట కదా. గడ్డం గీసుకున్నావా? లేకపోతే నిన్నూ ఒక బోనులో పడేసి కార్డు తగిలిస్తారు."

బోన్లాయన గడ్డం తడుముకున్నాడు. గీసుకునే వచ్చాడు.

పదకొండింటికి వచ్చే ఆ ఇద్దరు పెద్దవాళ్ల మీదే అంతా ఉంది. ఈ ఎలుకల మీద డాక్టరమ్మ చేసిన పరిశోధన వాళ్లకి నచ్చితే ఇంకో అయిదేళ్లు గది నడుస్తుంది. నచ్చకపోతే మూసేస్తారు. మూసేస్తే ఎలుకల్ని ఎక్కడికీ పంపరు. మూలన ఒక గ్యాసు సిలిండరు, దాని పక్కన గాజు పెట్టె ఉన్నాయి. నెల కిందటే డాక్టరమ్మ ఈ సంగతి అతనికి విడమరిచి చెప్పింది. అప్పట్నుంచీ అతను ఆ మూల ఊడ్చేటప్పుడు తల అటు తిప్పడు.

ఇంట్లో మాత్రం ఇంకో పాట. పొద్దున్నే బూట్లు వేసుకుంటుంటే భార్య మంచం మీంచే అంది.

"మూసేస్తే మూసెయ్యనీ. నా సవతుల పీడ విరగడవుతుంది."

అతను రెండో బూటు తొడుక్కున్నాడు.

"ఆ రోజున వాటిని మోశావు. నన్ను మోశావా?"

వరదనాటి మాట. ఆ రోజు అతను నడుంలోతు నీళ్లలో బోన్లు ఒక్కోటీ నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేర్చాడు. సాయంత్రం అయ్యేదాకా అదే పని. ఇంట్లో ఆవిడ నీళ్లలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎవడో దారిన పోయేవాడు కేక విని లోపలికొచ్చి, భుజాన వేసుకుని, ఎదురు మేడ మీద దించి వెళ్లిపోయాడు. మళ్లీ కనపడలేదు. ఆవిడ ఇప్పటికీ కుంటుతుంది. కుంటిన ప్రతిసారీ ఆ పరాయివాణ్ణి తలుచుకుంటుంది.

"కన్నవాడు కాదు, కట్టుకున్నవాడు కాదు. మొహమైనా సరిగా చూళ్లేదు. వాడికేం పట్టిందయ్యా నన్ను మొయ్యడానికి?"

మూడేళ్లుగా అదే ప్రశ్న. అసలు ఆవిడ అడిగేది వాడి గురించి కాదని బోన్లాయనకి తెలుసు.

పది దాటాక డాక్టరమ్మ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. రాత్రి నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. బల్ల మీద గాజు గొట్టం సర్దింది. దానికి ఒక వైపు చిన్న తలుపు. ఒక ఎలుకని గొట్టంలో పెట్టి మూస్తే, బయట తిరిగే ఎలుక ముట్టెతో నెట్టి ఆ తలుపు తియ్యాలి. తీస్తుందా, తియ్యదా, ఎవరికి తీస్తుంది? రెండేళ్లుగా ఆవిడ చూసింది అదే.

"పెద్దాయనా, నా మాటలు ఒకసారి వింటారా? నోరు తిరగాలి" అంది.

అతను చీపురు గోడకి ఆనించి నిలబడ్డాడు.

"తోబుట్టువు లోపలుంటే తలుపు తీస్తాయి. పరాయిది లోపలుంటే చాలావరకు చుట్టూ తిరిగి ఊరుకుంటాయి. అంటే జాలి అనేది మనసులోంచి పుట్టింది కాదు, రక్తంలోంచి. తనవాళ్లని బతికించుకుంటే తన రక్తం మిగులుతుంది. అలా మిగిలినవాళ్లకి పుట్టినవాళ్లమే మనమందరం. లక్షల ఏళ్ల నాటి లెక్క అది. అర్థమైందా?"

"అయిందమ్మా."

"ఎలా ఉంది?"

అతను అడిగాడు. "మరి పరాయివాళ్లు చేస్తే?"

"అది లెక్క తప్పడం" అని నవ్వి, కాగితాలు తిరగేసుకుంది.

అతను చీపురు తీసుకున్నాడు. ఆ మాట మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. భుజాన వేసుకుని మేడ మీద దించినవాడు లెక్క తప్పాడా?

పెద్దవాళ్లిద్దరూ వచ్చారు. ఒకాయన లావు, నవ్వుమొహం. ఒకాయన సన్నం, చేతిలో పుస్తకం. డాక్టరమ్మ చెప్పాల్సింది చెప్పింది. నోరు బాగానే తిరిగింది. తర్వాత ఒక జత చూపిద్దామని బోన్లాయన వైపు చూసింది. అతను కార్డు చూసి నాలుగో వరసలోంచి రెండింటిని తెచ్చాడు. ఒకే తల్లి నంబరు, ఒకే తేదీ. ఒకదాన్ని గొట్టంలో పెట్టి మూశాడు. రెండోదాని ఎడమ చెవి చిరిగి ఉంటుంది. దాన్ని బల్ల మీద వదిలాడు.

చిరిగిన చెవిది గొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆగింది. లోపల ఉన్నది సన్నగా అరిచింది. ఇది తలుపు కింద ముట్టె పెట్టి, మెడ బిగించి, ఒక్క తోపు తోసింది. తలుపు పడిపోయింది. లోపలిది బయటికొచ్చాక దాని మెడ నాకడం మొదలుపెట్టింది.

"చూశారా, తోబుట్టువు" అంది డాక్టరమ్మ.

లావాయనకి ముచ్చటేసింది. బోన్లాయన భుజం తట్టి హాస్యానికి అన్నాడు. "ఏం పెద్దాయనా, నీ ఎలుకలకి ఇంత స్వార్థమా? పరాయివాళ్లకి తలుపు తియ్యవా?"

పెద్దవాళ్ల ముందు అతను ఎప్పుడూ నోరు విప్పింది లేదు. ఆ రోజు విప్పాడు. ఆ ఎలుక తరఫున ఒక మంచిమాట చెప్పాలనిపించింది. డాక్టరమ్మకి కూడా సంతోషంగా ఉంటుందనుకున్నాడు.

"తీస్తాయి బాబూ. ఇప్పుడు తీసింది పరాయిదానికే."

సన్నాయన పుస్తకంలోంచి తలెత్తాడు. "ఏమన్నావు?"

డాక్టరమ్మ గబుక్కున అందుకుంది. "పెద్దాయన వేరే బోను సంగతి చెబుతున్నారు."

ఆవిడ పొరబడిందనుకున్నాడు బోన్లాయన. "కాదమ్మా, ఇదే. చెవి చూడండి. దీని తల్లి కనగానే పోయింది. ఆ పూటే నేను తెచ్చి ఆ తల్లి దగ్గర పెట్టాను. ఇది దాని కడుపున పుట్టలేదు. అయినా తీసింది చూశారా?"

"కార్డు మీద ఒకే తల్లి అని ఉందే?"

"పాలిచ్చిన తల్లి నంబరు వేశానయ్యా."

లావాయన నవ్వు ఆరిపోయింది.

"ఇలా ఎన్ని మార్చావు?" అన్నాడు సన్నాయన.

"లెక్క లేదండీ. చచ్చిపోయేలా ఉన్నవన్నీ మార్చాను."

సన్నాయన పుస్తకం మూశాడు. చప్పుడు కాకుండా, మర్యాదగానే మూశాడు.

వాళ్లు వెళ్లాక డాక్టరమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదమ్మా."

"ఏవి తోబుట్టువులో, ఏవి కావో ఇప్పుడు చెప్పగలరా?"

చెవి చిరిగినదాన్నీ, ఇంకో నాలుగైదింటినీ చెప్పగలడు. మిగతావి చెప్పలేడు. పాలు తాగడం మొదలుపెట్టాక అతను కూడా వేరుగా చూడలేదు. తల అడ్డంగా ఊపాడు.

"మీ జాలి నా కొంప ముంచింది పెద్దాయనా."

"పిల్లలు చస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటానమ్మా?"

ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లకి అంటిన పొట్టు దులుపుకుంది.

"సాయంత్రానికి గది ఖాళీ చెయ్యమన్నారు."

"ఎవరైనా పట్టుకెళ్తారేమో అడగండమ్మా. వేరే చోట ఎక్కడైనా..."

"తల్లెవరో తెలియని ఎలుకలు ఎవరికి పనికొస్తాయి?" అంది. అని మొహం తిప్పుకుంది. "మీరు ఇంటికి వెళ్లండి. ఇంకెవరినైనా పిలిపిస్తాను."

అప్పటికి గానీ అతనికి తను ఏం చేశాడో పూర్తిగా బోధపడలేదు. ఒక ఎలుక పరువు నిలపబోయి అన్నింటి ప్రాణం మీదికి తెచ్చాడు. ముప్ఫై ఏళ్లు మూసి ఉంచిన నోరు ఇవాళ ఎందుకు తెరిచాడు?

"వద్దమ్మా, ఎవరినీ పిలవకండి" అన్నాడు చివరికి. "కొత్త చేతులైతే బెదిరిపోతాయి. నేనే చేస్తాను."

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాడు. ఏ బోనులో ఉన్నవాటిని ఆ బోనువాటితోనే పెట్టాడు. గాజు పెట్టె అడుగున వాటి పొట్టే పరిచాడు. సిలిండరు చక్రం ఒక్కసారి తిప్పలేదు, వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పాడు. అలా అయితే ముందు మత్తు వస్తుంది. కిందామీదా పడవు. ఒకదాని మీద ఒకటి తలవాల్చి, ఒక కుప్పలా ఉండిపోతాయి. అప్పుడైనా మూత వెంటనే తియ్యలేదు. ఇరవై దాకా లెక్కపెట్టి, మళ్లీ ఇరవై లెక్కపెట్టాడు.

ఏదీ కరవలేదు. చెయ్యి పెడితే ఎక్కి కూర్చున్నాయి.

నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. చిరిగిన చెవిది అరచేతిలోకి వచ్చి, ముట్టె ఎత్తి, అతని ఊపిరి వాసన చూసింది. కోటు జేబు లోతైనది. గదిలో ఎవరూ లేరు. ఒక్కదాన్ని వేసుకుంటే అడిగేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లు లేరు. చెయ్యి జేబు దాకా వెళ్లింది.

ఏ ఒక్కదాన్ని? తెలిసినదాన్నా? తెలిసింది కాబట్టి ఇదీ, తెలియవు కాబట్టి అవీనా? అదే కదా పొద్దున డాక్టరమ్మ చెప్పింది.

అంత దూరం ఆలోచించాడో లేదో. చెయ్యి మాత్రం వెనక్కి వచ్చింది. దాన్నీ, అది తలుపు తీసి బయటికి రప్పించినదాన్నీ పక్కపక్కనే పెట్టి మూత వేశాడు. ఆ ఒక్కసారి లెక్క తప్పి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

ఆరున్నరకి ఇంటికి చేరాడు. భార్య కుంటుకుంటూ వచ్చి తలుపు తీసింది. అతను చేతులు కడుక్కుంటుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఏమయ్యా, వచ్చారా పెద్దవాళ్లు?"

"వచ్చారు."

"ఏమన్నారు?"

"చూసి వెళ్లారు."

"నా సవతులు బాగున్నాయా?"

రోజూ అడిగేదే. ఎత్తిపొడుపుకి అడిగేది. అతను సబ్బు చేతులు మళ్లీ నీళ్ల కింద పెట్టాడు.

"బాగున్నాయి" అన్నాడు.

ఆవిడ అతని వీపు వంక చూసింది. తువ్వాలు తెచ్చి భుజం మీద వేసి వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఆవిడ తువ్వాలు తెచ్చివ్వడం అదే మొదలు. అప్పుడు అతనికి ఏడుపు రావాల్సింది. రాలేదు.

మర్నాడు పొద్దున ఆరింటికి మళ్లీ వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు, తాళంచెవి అడగనూ లేదు. తలుపు తీసి, తిన్నగా లైటు వేశాడు. కోటు చేతులు మడిచి, బోన్లు ఒక్కోటీ దించి పొట్టు పారబోశాడు. మందునీళ్లలో ముంచి, పీచుతో తోమి, గోడవారన బోర్లించాడు. కార్డులన్నీ తీసి ఒక సంచిలో వేశాడు. పదింటికి అన్నీ అయిపోయాయి. చిట్టచివరి వరసలో అడుగున ఒక బోను మిగిలింది. దాన్ని దించాడు గానీ కడగలేదు. తిరిగి దాని చోటనే పెట్టి, తాళంచెవి బల్ల మీద ఉంచి, తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

ఆ బోను మూలన, నిన్నటిదాకా నిండుచూలుతో ఉన్న ఎలుక ఏదో కాగితాలు పీలికలు పీలికలుగా కొరికి, గుండ్రంగా అల్లిన గూడు ఉంది. మధ్యలో పిడికెడంత గుంట, చుట్టూ మెత్తగా, ఇంకా ఒక పక్క సగమే అల్లి ఉంది.