బడి ఆవరణలో ఆఖరి ఓటు

“ఇవాళ నిన్ను సంకెళ్లేసి బండెక్కిస్తారురా, నాకు తెలుసు!”

ఓట్లనాడు పొద్దున్నే స్టామెనా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. కొడుకు వుకాషిన్ నవ్వేశాడు.

“బండెందుకే అమ్మా? ఠాణా పక్కవీధేగా, నడిపించే తీసుకెళ్తారు.”

ఆ నవ్వంటేనే ఆమెకు దడ. బెల్‌గ్రేడులో చదివి వకీలై వచ్చినవాడు హాయిగా పెళ్లి చేసుకుని కూర్చోకుండా, ప్రభువైనా సరే చట్టానికి లోబడాల్సిందేనని పత్రికలో రాసి రెండు నెలలు జైల్లో ఉండొచ్చాడు. ఇప్పుడేమో ఉదారవాదుల తరఫున శాసనసభకు నిలబడ్డాడు. పని నీళ్లలా సాఫీగా సాగాలని అతను గడప దాటగానే వెనకాల చెంబుడు నీళ్లు కుమ్మరించింది. అవి కాస్తా బూట్ల మీద పడ్డాయి. జలుబు చేస్తుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

బడి ఆవరణ కిటకిటలాడుతోంది. ఓటంటే అందరి ముందూ గట్టిగా పేరు పలకడమే. బల్ల దగ్గర రాసుకునే పెద్దలు ముగ్గురు, పక్కనే మోకాళ్ల మీద కత్తి పెట్టుకుని ఠాణేదారు. ఆడవాళ్లంతా కంచె బయటే.

“వదినా, విన్నావా! కుంటి లాజార్ మనవాడి పేరే అరిచాడు! ఠాణేదారు మీసం ఎలా వణికిందో చూశావా!” పొరుగింటి యెల్కా ఎగిరి గంతేసింది.

“వణక్కపోతేనే బావుణ్ణే. ఆ కోపమంతా రేపు నా కొడుకు మీదే తీర్చుకుంటాడు.”

మధ్యాహ్నానికి వుకాషిన్‌కూ ప్రభువు తరఫున నిలబడ్డవాడికీ చెరి డెబ్భై మూడు ఓట్లు. ఇంకొక్కడే మిగిలాడు. అతన్ని చూడగానే స్టామెనా గబగబా శిలువ గుర్తు వేసుకుంది. ఓబ్రెన్! వుకాషిన్‌కు బాప్తిస్మమప్పుడు పేరు పెట్టిన జ్ఞానతండ్రి, వాళ్ల భాషలో కూమ్, సొంత అన్నదమ్ములకన్నా ఎక్కువైన మనిషి. నిరుడు ఓబ్రెన్ ఒక వితంతువు ఆల్‌బుఖారా తోట కలిపేసుకుంటే, వుకాషిన్ ఆమె తరఫున వాదించి తోట తిరిగి ఇప్పించాడు. “కూమ్ మీద కోర్టుకెక్కుతావురా, మన ఇంటికప్పు కూలుతుంది!” అని స్టామెనా ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ రోజు నుంచీ ఓబ్రెన్ వాళ్ల గడప తొక్కలేదు. ఇంటి పండగనాడు కూడా అతని కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

“ఏం ఓబ్రెన్, నీ తోట ఊడబీకిన వకీలుకేనా ఓటు?” ఎవరో వెక్కిరించారు. జనం గొల్లుమన్నారు.

ఓబ్రెన్ బల్ల ముందు నిలబడ్డాడు. పెదవి విప్పలేదు.

“పేరు చెప్పవయ్యా!” ఠాణేదారు గద్దించాడు.

స్టామెనా కంచె పుల్లను విరిగిపోయేలా పట్టుకుంది. ముప్పై రెండేళ్ల కిందటా ఇంతే. బాలింత చర్చికి వెళ్లకూడదు కాబట్టి, కూమ్ ఏ పేరు పలుకుతాడో, బిడ్డను నీళ్లలో జారవిడుస్తాడో ఏమోనని ఇంట్లో పొయ్యి దగ్గర వణుకుతూ కూర్చుంది. ఆ పేరు మోసుకొచ్చి ఆమె చెవిన వేసింది ఈ యెల్కాయే.

ఇప్పుడు యెల్కా కూడా నోరు మూసుకుంది.

ఓబ్రెన్ మెల్లగా టోపీ తీసి, ఠాణేదారు కళ్లలోకి సూటిగా చూశాడు.

“కూమ్‌నని కూడా చూడకుండా నన్నే వదల్లేదు వాడు. ఇక తమర్ని వదుల్తాడా ఠాణేదారుగారూ? వుకాషిన్! రాసుకోండి. ఆ పేరు పెట్టింది నేనే.”