వంకర తక్తా

సముద్రపొడ్డునున్న దీఘాకు వెళ్ళే బస్సు మీదికి ఆ చెక్క తక్తాను ఎక్కించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. పొడవు పదడుగులు. బరువుకంటే దాని ఆకారమే ఇబ్బంది పెట్టింది. కుడి అంచు సన్నగా, గుండ్రంగా తిరిగి తోక దగ్గర లోపలికి పోయింది. ఎడమ అంచు నడుమ నుంచి వెనక్కి జానెడు వెడల్పు ఎక్కువగా పొంగి ఉంది. ఎటు తిప్పి పెట్టినా ఒక మూల లేచి ఊగుతోంది. కండక్టరు రెండుసార్లు తాడు బిగించి, ఇదేం పడవ దాదా, సగంలో ఆపేశారా అని బెంగాలీలో అడిగాడు. లూకా వంగని ఎడమకాలిని పక్కకు విసిరినట్టు తిప్పి మెట్టు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని బస్సెక్కాడు. అతని వెనకే వదిన ఎస్తేరమ్మ ఎక్కింది.

అది 1993 మార్చి. ఎస్తేరమ్మ భర్త, లూకాకు అన్న అయిన విల్‌ఫ్రెడ్ పోయి అప్పటికి అయిదు నెలలు.

విల్‌ఫ్రెడ్ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వడ్రంగి. తండ్రిదీ అదే పని. అన్నదమ్ములు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఏటా ఎండాకాలం పాసు తీసుకుని భీమిలి దగ్గర సముద్రపొడ్డున ఉన్న అమ్మమ్మగారి ఊరికి వెళ్ళేవారు. అక్కడ తాతకు దుంగలు కట్టిన తెప్ప ఉండేది. పన్నెండేళ్ళ లూకా దాని మీద నిలబడి, చేత్తో వెదురుబద్ద పట్టుకుని, కెరటం వెంట ఒడ్డుదాకా జారుకుంటూ వచ్చేవాడు. ఊళ్ళో జాలర్ల పిల్లలకు కూడా అంత బాగా వచ్చేది కాదు. విల్‌ఫ్రెడ్‌కు నీళ్ళంటే భయం. తమ్ముడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఇసకలో కూర్చుని చూసేవాడు.

1984 జూలైలో ఒక సాయంకాలం మలంచా రోడ్డు మీద, వానలో, విల్‌ఫ్రెడ్ స్కూటరు జారి పడింది. అతనికి మోచెయ్యి గీరుకుంది. లూకా ఎడమ మోకాలు బండి కింద నలిగిపోయింది. డాక్టర్లు కాలు నిలబెట్టారు గాని మోకాలు మళ్ళీ వంగలేదు. వాన వెలిసేదాకా ఆగకుండా అన్న తొందరపడ్డాడనీ, తమ్ముడి బతుకు పాడు చేశాడనీ కాలనీ అంతా చెప్పుకున్నారు. లూకాకు అప్పుడు ఇరవయ్యారేళ్ళు. కుదిరిన సంబంధం తప్పిపోయింది. వర్క్‌షాపులో చేస్తున్న ఖలాసీ పని నుంచి తీసి, రికార్డు గదిలో కూర్చునే పని ఇచ్చారు. తల్లి అన్నమ్మ మరో నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో పెద్దకొడుకు ఎదురుగా ఆ మాట ఎత్తకుండా ఆమె ఒక్క ఆదివారం కూడా భోజనానికి కూర్చోలేదు.

విల్‌ఫ్రెడ్ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. స్కూటరు అమ్మేశాడు. తర్వాత తమ్ముడి కోసం వస్తువులు చేయడం మొదలుపెట్టాడు. కాలు చాపుకునేందుకు ఎత్తయిన స్టూలు చేశాడు. సైకిలుకు ఎడమ పెడలు తీసి అక్కడ కదలని చెక్క బిగించాడు. చర్చిలో చివరి బెంచీ ఒక పక్క కోసి, కాలికి చోటు చేశాడు. లూకా అన్నీ వాడుకున్నాడు. బాగుందని గాని బాగులేదని గాని ఏనాడూ అనలేదు. అన్నతో అవసరానికి మించి మాట్లాడేవాడు కాదు.

తొంభై ఒకటిలో విల్‌ఫ్రెడ్ తన క్వార్టరు పెరట్లో, రేకుల కింద, కెరటాల మీద నిలబడి జారేందుకు ఈ తక్తా మొదలుపెట్టాడు. లోపల పక్కటెముకల్లా సన్నటి టేకు బద్దలు, పైన ప్లైవుడ్డు, అతుకులన్నిటికీ పడవలకు పూసే జిగురు. వీధిలో పిల్లలు దాన్ని బాఁకా తక్తా అనేవారు, అంటే వంకర చెక్క. క్రిస్మసు రోజున లూకా భోజనానికి వస్తే పెరట్లోకి తీసుకెళ్ళి చూపించాడు. నీ ఎడమకాలు ఇక్కడ ఆనుతుంది, అది వంగక్కర్లేదు, బరువంతా ఆ వెడల్పు మోస్తుంది, కుడికాలితో తిప్పుకోవచ్చు అని గబగబా చెప్పుకుపోయాడు. లూకా అంతా విన్నాడు.

“సెక్కలు సెక్కి నా కాలు తెచ్చీగలవేటి?” అన్నాడు.

భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. విల్‌ఫ్రెడ్ ఆ తక్తాకు చివరి పూత పూసి, గోడకు ఆనించి, మీద పాత దుప్పటి కప్పాడు. ఆ తర్వాత దాని ఊసెత్తలేదు. మరుసటి అక్టోబరులో పచ్చకామెర్లు ముదిరి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. లూకా రోజూ సాయంత్రం వచ్చి పక్కనే కూర్చున్నాడు. అన్నను లేపి కూర్చోబెట్టాడు, నీళ్ళు పట్టాడు, దుప్పటి సర్దాడు. ఇద్దరూ వర్క్‌షాపు కబుర్లు చెప్పుకున్నారే తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. పన్నెండో రోజు లూకా వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఎస్తేరమ్మ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మలంచాలో ఒక గది తీసుకుంది. అందులో పదడుగుల చెక్క పట్టదు. ఆమె లూకా దగ్గరికి వచ్చి, దాన్ని పొయ్యిలో పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు, ఒక్కసారి నీళ్ళలో వేసి చూడు, ఆ తర్వాత నీ ఇష్టం అంది. చచ్చిపోయినవాడి మీద ఇంకా పంతమేమిటని కూడా అడిగింది. లూకా సరేనన్నాడు.

దీఘాలో బస్సు దిగాక, తక్తాను రిక్షా బండి మీద వేయించుకుని, ఊరు దాటి సరుగుడు తోట వెనక్కి వెళ్ళారు. అక్కడ జనం తక్కువ. ఒడ్డున పాత పడవ దగ్గర ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. పేరు నూకయ్య. స్నానాలకు వచ్చినవాళ్ళు మునిగిపోకుండా కాపు కాసే నూలియా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. బండి మీది తక్తాను చూడగానే వల వదిలేసి లేచాడు. దాని ఎడమ అంచు చేత్తో తడిమాడు. లూకా కాలి వైపు చూశాడు.

“నువ్వు లూకా బాబువి గదా,” అన్నాడు. “మీ అన్నేడీ?”

ఎస్తేరమ్మ చెప్పింది. నూకయ్య తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. తర్వాత వాళ్ళను తన పాకలోకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడ వారగా ఇంకో రెండు తక్తాలున్నాయి. మొదటిది రెండు వైపులా సమానంగా ఉంది. రెండోదానికి ఎడమ పక్క నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువుంది. రెండింటికీ అక్కడక్కడా పగుళ్ళు, మళ్ళీ వేసిన అతుకులు ఉన్నాయి.

ఈ తక్తా పూర్తయ్యేదాకా, రెండేళ్ళ పాటు, విల్‌ఫ్రెడ్ నెలకొకసారి శనివారం వర్క్‌షాపు వదలగానే బస్సెక్కి వచ్చేవాడట. ఆ రెండూ ఈ పాకలోనే చేశాడట. జలేశ్వరంలో చర్చికి బెంచీలు చేస్తున్నానని తనతో చెప్పేవాడని ఎస్తేరమ్మకు గుర్తొచ్చింది. ఆమె పాక గుంజ పట్టుకుని నిలబడింది. నూకయ్య చూరులోంచి రెండు చెక్క బద్దలూ, కొన్ని గుడ్డపేలికలూ తీశాడు.

“ఎడమకాలికి ఇయి కట్టుకునీవోడు, మోకాలు వొంగకుండా. నీళ్ళంటే సచ్చీంత బయ్యం ఆయనకి. మొదటి నాడు మోకాల్లోతుకే వొణికిపోనాడు. తమ్ముడికెలా ఉంటాదో తెలవాలి గదా అనీవోడు. ఎన్నిసార్లు పడ్డాడో లెక్క నేదు బాబూ. రెండుసార్లు నానే జుట్టట్టుకుని లాగినాను.”

లూకా ఆ బద్దలు చేతిలోకి తీసుకున్నాడు. ఒకదాని అంచు, కాలికి ఒరుసుకునే చోట, గుడ్డ చుట్టి కుట్టి ఉంది. వాటిని తిరిగి నూకయ్యకిచ్చి, చొక్కా విప్పాడు.

దక్షిణం గాలి లేచింది. కెరటాలు నడుమెత్తున, ఒకదాని వెనక ఒకటి బారుగా వస్తున్నాయి. నూకయ్య తక్తాను నడుముల్లోతు నీళ్ళలో పట్టుకుని నిలబడ్డాడు. దానికి తగ్గట్టు విల్‌ఫ్రెడ్ చేసి పాకలో ఉంచిన తెడ్డు కూడా తెచ్చాడు, మనిషికన్నా జానెడు పొడవు, పైన చంకకర్రలా అడ్డ పిడి. మోకాలు వంగనివాడు కూర్చున్న చోటునుంచి లేవడానికి దాన్ని ఊతంగా పెట్టుకోవాలి. లూకా తక్తా మీద పక్కగా కూర్చుని, తెడ్డు అడుగున పొడిచి, లేచాడు. లేస్తూనే వెనక్కి పడ్డాడు. రెండోసారి నిలబడగలిగాడు గాని కెరటం తగలగానే ముందుకు బోర్లా పడ్డాడు. ఉప్పునీరు మింగి దగ్గాడు. మూడోసారి తక్తా తిరగబడి అతని భుజానికి తగిలింది. ఒడ్డున ఎస్తేరమ్మ చాలు, వచ్చెయ్యమని చెయ్యి ఊపింది.

ఎడమకాలిని అసలు కదపొద్దని నూకయ్య చెప్పాడు. మడమ ఆనడానికి అక్కడ చిన్న గట్టు ఉందనీ, దానికి ఆనించి వదిలెయ్యమనీ, ఆ కాలిని మరిచిపొమ్మనీ విల్‌ఫ్రెడ్ చెప్పమన్నాడనీ అన్నాడు. లూకా కాలి మడమతో తడిమాడు. వేలెత్తు గట్టు తగిలింది.

అయిదోసారి కెరటం వెనకనుంచి వచ్చి తక్తాను ఎత్తింది. లూకా తెడ్డు రెండుసార్లు గట్టిగా లాగాడు. తక్తా ముందుకు జారింది. ఎడమకాలి మీది బరువుకు అది ఒరుగుతుందని అతని ఒళ్ళంతా బిగుసుకుంది. ఒరగలేదు. ఆ వెడల్పు అంచు నీటి మీద చదునుగా పరుచుకుని నిలబడింది. కుడి మోకాలు వంచాడు. తక్తా కుడివైపుకు, నున్నగా, అతను అనుకున్నంత మేరకే తిరిగింది. కెరటం చెవుల దగ్గర చప్పుడు చేస్తూ పక్కన విరుగుతోంది. తొమ్మిదేళ్ళుగా కర్రలా మోసుకు తిరిగిన కాలు తన కింద ఉందని కూడా అతనికి తెలియలేదు. ఇసక తగిలేదాకా నిలబడే వచ్చాడు.

తక్తా ఆగింది. లూకా తలెత్తి ఒడ్డు వైపు చూశాడు. ఇసకలో ఎస్తేరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. తన చొక్కా ఆమె ఒళ్ళో ఉంది.

అతను అక్కడే నీళ్ళలో కూలబడి ఏడ్చాడు. అన్న పోయిన రోజున గాని, సమాధి దగ్గర గాని అతను ఏడవలేదు. నూకయ్య తక్తాను ఒడ్డుకు లాగి, దూరంగా వెళ్ళిపోయాడు. ఎస్తేరమ్మ వచ్చి చొక్కా భుజాల మీద వేసింది.

“సరిగ్గా కుదిరింది వొదినా,” అన్నాడు. “వేలెడు తేడా నేదు.”

ఆమె తల ఊపింది.

“ఆ రోజు బండి నడిపింది అన్న కాదు. నాను.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. లూకా నీళ్ళకేసి చూస్తూ చెప్పుకుపోయాడు. ఆ సాయంత్రం సంబంధంవాళ్ళు రైలు దిగే వేళయింది. వాన వెలిసేదాకా టీకొట్టు చూరు కింద ఆగుదామని విల్‌ఫ్రెడ్ అన్నాడు. లూకా వినకుండా అన్న చేతిలోంచి తాళం లాక్కుని బండి తీశాడు. అతనికి లైసెన్సు లేదు. అందుకని, జనం చేరేసరికి, బండి నడిపింది నేనేనని విల్‌ఫ్రెడ్ చెప్పేశాడు. లూకాకు తెలివి వచ్చేసరికి మంచం పక్కన తల్లి పెద్దకొడుకును తిడుతోంది. అన్న తల దించుకుని నిలబడి ఉన్నాడు. రేపు చెబుదాంలే అని లూకా అనుకున్నాడు. మర్నాడు సంబంధంవాళ్ళు వచ్చి చూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ మాట నోట్లోంచి రాలేదు. అన్న ఎదురైనప్పుడల్లా తన తప్పు ఎదురొచ్చినట్టుండేది. అందుకే అతన్ని చూస్తే ఒళ్ళు మండేది.

“అమ్మ సచ్చిపోయినప్పుడయినా సెప్పాల్సింది,” అన్నాడు.

ఎస్తేరమ్మ లేచి వెళ్ళి సరుగుడు చెట్ల దగ్గర నిలబడింది. తిరిగి వెళ్ళే బస్సులో ఆమె వేరే సీట్లో కూర్చుంది. తక్తాను నూకయ్య పాకలోనే, ఆ రెండింటి పక్కన వదిలి వచ్చారు. బస్సు బేల్దా దాటాక ఆమె లేచి వచ్చి లూకా పక్కన కూర్చుంది.

“నాతో కూడా సెప్పలేదు మీ అన్న,” అంది. “నానూ అన్నాను ఆయన్ని. కోపం వచ్చినప్పుడల్లా అన్నాను. ఎదిగొచ్చిన తమ్ముణ్ణి కుంటోణ్ణి చేసినావు అని. పడ్డాడు. అన్నీ పడ్డాడు.”

ఖరగ్‌పూర్ వచ్చేదాకా ఆమె అతని పక్కనే కూర్చుంది.

అక్టోబరులో విల్‌ఫ్రెడ్ పోయి ఏడాదైన సందర్భంగా చర్చిలో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. పోయినవాడి గురించి సాక్ష్యాలు చెప్పే వేళ లూకా లేచాడు. ముందుకు నడిచి వెళ్ళి, ఆ రోజు బండి నడిపింది తనేనని, అన్న తన కోసం నింద మోశాడని, తను తొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆడవాళ్ళ వైపు కొందరు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. ఎస్తేరమ్మ తలెత్తలేదు.

కూటం అయ్యాక, సంఘపెద్ద జ్ఞానప్రకాశం గుమ్మం దగ్గర లూకా చేతులు రెండూ పట్టుకున్నాడు. విల్‌ఫ్రెడ్‌తో కలిసి ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి ఆయన. పోయినవాడి మీద మచ్చ ఉండకూడదని తప్పంతా నీ నెత్తిన వేసుకున్నావు, అన్న మీద ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదు అన్నాడు. వెనకున్నవాళ్ళు అవునన్నారు. లూకా కాదండీ, నిజంగానే అని మొదలుపెట్టాడు. ఆయన వినిపించుకోకుండా అతని భుజం తట్టి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.